క్యూటినేజ్ అవసరం సీసాలకంటే బట్టలకే ఎక్కువ

ఆకు తడిసి కుళ్లకుండా కాపాడే పైపొరలో మైనంతో పాటు క్యూటిన్ ఉంటుంది. క్యూటిన్ అంటే మొక్క సొంతంగా తయారుచేసుకునే పాలిస్టర్. తెగులు కలిగించే కొన్ని శిలీంధ్రాలు ఈ పొరను క్యూటినేజ్ అనే ఎంజైమ్‌తో తెంచుకుని లోపలికి చొరబడతాయి. క్యూటిన్‌లో ముక్కలను కలిపి ఉంచేవి ఈస్టర్ బంధాలు అనే రసాయన లంకెలు. వాటర్ బాటిళ్లు చేసే పెట్ ప్లాస్టిక్ కూడా ఒక పాలిస్టరే, దానిలోనూ ఈస్టర్ బంధాలే ఉంటాయి. అందుకే కొన్ని క్యూటినేజ్‌లు దాన్నీ తెంచగలవు.

కుళ్లిన ఆకులు, కొమ్మల ఎరువులో ఇలాంటి ఎంజైమ్ ఒకటి ఉన్నట్టు 2012లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్రాన్స్‌లోని తులూజ్ పరిశోధకులు, కార్బియోస్ కంపెనీ కలిసి దానికి మార్పులు చేసి మెరుగుపరిచారు. 72 డిగ్రీల వేడిలో 10 గంటల్లో 90 శాతం పెట్‌ను అది ముడిపదార్థాలుగా విడగొట్టిందని 2020లో వెల్లడించారు. వాటితో మళ్లీ కొత్త పెట్ తయారవుతుంది. మామూలుగా కరిగించి చేసే రీసైక్లింగ్‌లో నాణ్యత పడిపోతుంది కాబట్టి ఇది పెద్ద విజయమే.

అయినా మన దేశంలో దీన్ని సీసాల కోసం వాడాలనుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఖాళీ బాటిళ్లను ఏరి అమ్ముకునేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. వాటిలో చాలా భాగం పాలిస్టర్ దారంగా మారుతుంది. ఆ దారం నూలుతో కలిసి చొక్కా అయ్యాకే అసలు చిక్కు. చిరిగిన ఆ చొక్కాను కరిగిద్దామంటే నూలు మాడిపోతుంది. ఎంజైమ్ మాత్రం పాలిస్టర్‌నే తెంచుతుంది, నూలులోని సెల్యులోజ్ జోలికి పోదు. ఈ పని చేయగల పద్ధతులు ఎన్నో లేవు.

దారిలో అడ్డంకులూ ఉన్నాయి. సాగదీసి తీసిన దారంలో అణువులు ఒత్తుగా పేర్చినట్టు ఉంటాయి, ఎంజైమ్‌కు సందు దొరకదు. సీసా ముక్కలనైతే ముందుగా కరిగించి, గబుక్కున చల్లార్చి ఆ అమరికను వదులు చేస్తారు. నూలు కలిసిన బట్టకు అది కుదరదు. పైగా చర్యలో పుట్టే ఆమ్లాన్ని తగ్గించడానికి క్షారం పోస్తూ ఉండాలి, చివరికి ఉప్పు మిగులుతుంది. ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని లాంగ్లావిల్‌లో ఏటా 50 వేల టన్నుల సామర్థ్యంతో కార్బియోస్ తలపెట్టిన ఫ్యాక్టరీ పనులు నిధులు సమకూరక వాయిదా పడ్డాయి.

మన 2022 ప్లాస్టిక్ నిబంధనలు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26కు 30 శాతం రీసైకిల్ సరుకు వాడాలని లక్ష్యం పెట్టాయి. అవి ప్యాకింగ్ వరకే, బట్టల మాట వాటిలో లేదు. బట్టల కంపెనీలకూ అలాంటి బాధ్యత పెట్టాలి. కలనేత బట్టను ఎంజైమ్‌కు అనువుగా మార్చే పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు ఇవ్వాలి.