సూర్యుడికి 78 వేలు, బకెట్టుకు సున్నా

వేడినీళ్ల స్నానం విషయంలో కేంద్ర ప్రభుత్వ వైఖరి సుస్పష్టం. ఎండ ముందు కరెంటుగా మారాలి, కరెంటు గీజర్‌లోకి రావాలి, అప్పుడు నీళ్లు కాగాలి. ఈ మర్యాద తప్పి ఎండ నేరుగా నీళ్లను తాకిందా, అది మీకూ సూర్యుడికీ మధ్య సొంత వ్యవహారం. పైసా రాదు.

డాబా మీద కరెంటు ప్యానెళ్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో మొదటి రెండు కిలోవాట్లకు తలా 30 వేలు, మూడోదానికి 18 వేలు, వెరసి 78 వేలు. నాలుగోది పెట్టుకుంటే ప్రభుత్వం సంతోషిస్తుంది, డబ్బు మాత్రం ఇవ్వదు. ఇక లెక్క చూడండి. వంద లీటర్ల నీళ్లు 30 డిగ్రీలు వేడెక్కడానికి మూడున్నర యూనిట్లు చాలు. కిలోవాట్ ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు ఇచ్చేది సుమారు నాలుగు. వాటికి డాబా మీద, నడిచే దారితో కలిపి, దాదాపు పది చదరపు మీటర్లు నీడ లేకుండా వదలాలి. అదే పని సోలార్ వాటర్ హీటర్ రెండు చదరపు మీటర్లలో కానిచ్చేస్తుంది. అంత పొదుపుగా బతికేవాళ్లకు సాయమెందుకని కాబోలు, ఈ పథకంలో దాని ఊసే లేదు.

సబ్సిడీ తెచ్చుకోవడం తేలికే. పోర్టల్‌లో సర్వీసు నంబరు కొట్టగానే వినియోగదారుగా తాతగారు ప్రత్యక్షమవుతారు. ఆయన కాలం చేసి ఇరవై ఏళ్లయినా బిల్లు ఆయన పేరునే వస్తోంది మరి! సబ్సిడీ పడాల్సింది మీ బ్యాంకు ఖాతాలో కాబట్టి ముందు డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, పేరు మార్పించండి. ప్యానెళ్లు బిగించే వెండర్‌ని ఆ తర్వాత, పోర్టల్‌లో నమోదైనవాళ్లలోంచే ఎంచుకోండి. ప్యానెళ్లు డీసీఆర్ రకం కావాలి, అంటే లోపలి సెల్ కూడా మన దేశంలోనే తయారవ్వాలి. చౌకని విదేశీ సెల్ ప్యానెళ్లు బిగిస్తే కరెంటు వస్తుంది, 78 వేలు రావు. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దాని వరుసంతా నీరసిస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ లేని ఇన్వర్టర్ మండుటెండలోనూ ఆగిపోతుంది. ప్యానెళ్ల కరెంటు బయటికి వెళ్లే తీగ మీద లైన్‌మన్ చెయ్యి ఉండొచ్చు కాబట్టి, ఇందులో మాత్రం వేళాకోళం లేదు.

ఇంతా విని కూడా సొంత ఖర్చుతో హీటరే పెట్టుకునే అవిధేయులకు రెండు ముక్కలు. చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం హీటర్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే అది నిండదు. గాలి గొట్టం మూయకండి. బోరు నీళ్లయితే గాజు గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, అప్పుడప్పుడు కడిగించాలి. ఎండకు కాలిన ఖాళీ గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు వదిలితే ఠప్పున పగులుతాయి. నింపడం తెల్లవారుజామునే.

విధేయులు ఆ తెల్లవారుజామున గ్రిడ్ కరెంటుతో గీజర్ వేసి, మధ్యాహ్నం ప్యానెళ్లతో ఆ బాకీ తీరుస్తారు. యూనిట్లు సున్నాకు వచ్చినా నెలాఖరుకు ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వస్తూనే ఉంటాయి, తాతగారి పేరున వచ్చినట్టే.