మైకు నాదేనండీ బాబూ!

నిన్న బెంజి సర్కిల్ దగ్గర ప్రోగ్రాం. సౌండాయన "యాంకరా అమ్మా?" అన్నాడు. కాదండీ, ర్యాప్ చేస్తానన్నా. "ఓహో, కోరస్సా!" అంటూ మైకు మా తమ్ముడి చేతిలో పెట్టాడు. వాడొచ్చింది నా బ్యాగు మోయడానికి!

అసలు 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో హిప్‌హాప్ (మా ర్యాప్ అందులోదే) పుట్టిందంటారే, ఆ పార్టీ పెట్టింది సిండీ క్యాంప్‌బెల్ అనే ఆడపిల్ల. బడికి కొత్త బట్టలు కొనుక్కోవాలని, టికెట్ పెట్టి మరీ. పేరేమో రికార్డులు తిప్పిన అన్న కూల్ హెర్క్‌కి!

నా వంతొచ్చేసరికి రాత్రి పదకొండు. మూడో చరణంలో బీట్ ఆపేశారు, టైమైపోయిందట. దిగుతుంటే ఓ పెద్దాయన మెచ్చుకోలు: "బాగా చెప్పావమ్మా, ఎవరు రాసిచ్చారు?"

ఒళ్లు మండిపోయింది. బందరు రోడ్డు మీద ఆటో దొరికేదాకా తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు, వెధవ.