ద్విచక్ర దోషులకో ఆదర్శ చట్టం

కారు తోలేవాడు పౌరుడు, బైకు తోలేవాడు అనుమానితుడు. ఏ రాజ్యాంగంలోనూ ఈ మాట రాసిలేదు గానీ దేశాలన్నీ కూడబలుక్కున్నట్టు దీన్నే పాటిస్తున్నాయి. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఎవరికి తోచిన ముక్క వాళ్ళు చేసుకుపోవడం. ఈ జ్ఞానాన్నంతా ఒకచోట కూర్చిన ఆదర్శ చట్టం ఒక్కటీ ఇంతవరకూ లేదు. ఆ లోటు తీర్చే బరువు నేనే నెత్తికెత్తుకున్నాను. హెల్మెట్ పెట్టుకునే ఎత్తుకున్నాను, కంగారు పడకండి.

మొదటి అధ్యాయం వెనక సీటుది. బైకులో ప్రమాదకరమైన భాగం ఇంజనో బ్రేకో అనుకునేవాళ్ళు అమాయకులు. ముందువాడు బండి తోలుతుంటే వెనకవాడు తుపాకీ పేల్చి పారిపోతాడన్న భయంతో కొలంబియా నగరాల్లో మగవాణ్ని వెనక ఎక్కించుకోకూడదని ఎన్నోసార్లు ఆదేశాలొచ్చాయి. అక్కడి కిరాయి హంతకులకు ఆ అలవాటు నిజంగానే ఉండేది లెండి. కరాచీలో మొహర్రం వస్తే చాలు ‘డబుల్ సవారీ’ బంద్. ఆడవాళ్ళకీ పిల్లలకీ ముసలివాళ్ళకీ మాత్రం మినహాయింపు. అదే కార్లో అయితే ఐదుగురు మగవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నా ఇబ్బంది లేదు. తలుపులు మూసుకున్నవాళ్ళ బుర్రలోకి దురాలోచన దూరదని పోలీసుశాస్త్రం.

మరి వెనక కూర్చున్నది ఆడమనిషైతే? ఇండోనేషియాలోని అచే ప్రాంతం దానికీ జవాబు కనిపెట్టింది. ఆడవాళ్ళు బైకు వెనక అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోరాదనీ, రెండు కాళ్ళూ ఒకపక్కకే ఉండాలనీ 2013లో లోక్సుమావే నగర పాలకులు తేల్చారు. అలా కూర్చుంటే పట్టు తప్పి పడిపోతారని కొందరు గొణిగారు. పడిపోవడం భౌతికశాస్త్రం శాఖ. నగర పాలకులు చూసుకునేది మర్యాద శాఖ.

అయినా ఈ విషయంలో ఫిలిప్పీన్స్‌ను మించినవాళ్ళు లేరు. కరోనా కాలంలో, 2020 జూలైలో, బైకు మీద ఇద్దరు వెళ్ళవచ్చని అక్కడ సడలింపు ఇచ్చారు. ముఖ్యమైన షరతులు రెండు: ఆ ఇద్దరూ దంపతులో, ఒకే ఇంట్లో ఉండే జంటో అయి ఉండాలి, ఇద్దరి మధ్యా ఒక అడ్డుపలక బిగించుకోవాలి. రాత్రంతా ఒకే మంచం మీద పడుకున్న మొగుడూ పెళ్ళాలకు తెల్లారి బైకెక్కేసరికి గోడ కావాల్సొచ్చింది. ఆ పలక గాలిని పట్టేసి బండిని తూలగొడుతుందని తెలిసినవాళ్ళు మొత్తుకున్నారు. ఏం పోయింది? పడితే చెరో పక్కా పడతారు, భౌతిక దూరం పాటించినట్టే కదా. ఈ నిబంధనను ఒక్క అక్షరం కూడా మార్చకుండా నా ముసాయిదాలో చేర్చుకున్నాను.

రెండో అధ్యాయం చప్పుడు. ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం 2020 వేసవిలో కొన్ని కొండదారుల్లోకి 95 డెసిబెల్స్ దాటిన బైకులు రాకూడదంది. ఇందులో సొగసేమిటంటే, బండి ఆ క్షణాన ఎంత చప్పుడు చేస్తోందన్నది లెక్కలోకి రాదు. బండి కాగితాల్లో రాసి ఉన్న అంకె మాత్రమే వస్తుంది. మీరు పిల్లిలా నడుపుకుంటూ వచ్చినా కాగితం గర్జిస్తే వెనక్కి తిరగాల్సిందే. అదే దారిలో స్పోర్ట్స్ కారు కొండలు మారుమోగేలా పోతే, అది సంగీతం.

గుంపుల సంగతి ఆస్ట్రేలియా చూసుకుంది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2013లో చేసిన చట్టాల ప్రకారం, నేరసంస్థలుగా ప్రకటించిన బైకు క్లబ్బుల సభ్యులు ముగ్గురు బయట ఒకచోట కనిపించడమే నేరం. కొన్ని నేరాలకు క్లబ్బు సభ్యుడన్న కారణంగా అదనంగా 15 ఏళ్ళు, క్లబ్బులో పదవి ఉంటే 25. జైల్లో గులాబీ రంగు బట్టలు తొడిగిస్తామని కూడా ప్రకటించారు. ముఠాల మాట దేవుడెరుగు, ఆదివారం సరదాగా బయల్దేరిన గుమాస్తాలనూ పళ్ళ డాక్టర్లనూ కూడా ఆపి సోదాలు చేశారు. 2015లో వచ్చిన కొత్త ప్రభుత్వం 2016లో ఆ చట్టాలను చాలావరకు మార్చేసింది. కళాపోషణ తెలియని ప్రభుత్వం.

దక్షిణ కొరియా ఇంత ఆయాసపడలేదు. ఎక్స్‌ప్రెస్‌వేల మీదకు బైకే రాకూడదంది, ఎంత పెద్ద ఇంజనున్నా సరే. చైనాలో గ్వాంగ్‌జౌ నగరం 2007లో తన వీధుల్లోంచే బైకుల్ని తుడిచేసింది.

ఇక అసలు ఘట్టం, హెల్మెట్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. నైజీరియాలో 2009లో హెల్మెట్ తప్పనిసరి చేస్తే, బైకు టాక్సీవాళ్ళు కొందరు భుజాలు వదిలేసి నెత్తిమీదే ఎండు గుమ్మడి బుర్రలు తాళ్ళతో కట్టుకుని బయల్దేరారు. పోలీసులు పట్టుకున్నారు. కూరగాయలకు నాణ్యతా ప్రమాణాలు లేకపోవడం వాళ్ళ తప్పా?

అమెరికాలో ఇదే హెల్మెట్ స్వాతంత్ర్య సమరమైంది. 1966లో కేంద్రం, హెల్మెట్ చట్టం చెయ్యని రాష్ట్రాలకు రోడ్ల నిధుల్లో కోత పెడతానంది. దాదాపు అన్ని రాష్ట్రాలూ చేశాయి. రైడర్ల సంఘాలు ఊరుకోలేదు. 1976లో ఆ బెదిరింపు ఎత్తేయగానే రాష్ట్రాలు వరసగా చట్టాన్ని సడలించాయి. న్యూ హాంప్‌షైర్‌లో పెద్దవాళ్ళకు నేటికీ హెల్మెట్ అక్కర్లేదు. స్వేచ్ఛగా బతుకు లేదా చచ్చిపో అన్నది ఆ రాష్ట్ర నినాదం. ఒక్క మలుపులో రెండూ నెరవేర్చుకోవచ్చు.

బ్రిటన్‌లో ఫ్రెడ్ హిల్ అని రిటైరైన లెక్కల మాస్టారు. సిక్కులకు 1976లో తలపాగా మినహాయింపు దొరికింది, నా టోపీ ఏం పాపం చేసిందని హెల్మెట్ లేకుండా తిరిగి, జరిమానా కట్టనని మొండికేసి, పదేపదే జైలుకెళ్ళి, చివరికి 1984లో జైల్లోనే పోయాడు. ఆయన వాదన తప్పని నా గట్టి నమ్మకం. ఎగతాళి చేద్దామని కూర్చున్నాను గానీ, ఆయన దగ్గర మాత్రం కలం మొరాయిస్తోంది.

సంఘాలు ఇంతగా నెత్తి చుట్టూ కొట్టుకుంటుంటే ఒక చిన్న విషయం ఎవరికీ గుర్తు రావడంలేదు. దక్షిణ కాలిఫోర్నియాలో 900 బైకు ప్రమాదాలను దగ్గరుండి పరిశీలించి 1981లో ఒక నివేదిక రాశారు. బైకూ మరో వాహనమూ గుద్దుకున్నవాటిలో సుమారు మూడింట రెండు వంతులు, ఆ రెండో వాహనంవాడు బైకుకు దారివ్వక జరిగినవేనట. అడిగితే వాళ్ళు తరచుగా చెప్పే జవాబు, ‘చూడలేదండీ’. వెనక సీటులోని మగవాణ్ని చూడగలరు, ఆడమనిషి కాళ్ళు చూడగలరు, కాగితం మీద డెసిబెల్స్ చూడగలరు. ఎదురుగా వచ్చే బండి మాత్రం కనిపించదు. అందుకని ఆదర్శ చట్టంలో ‘చూడలేదు’ అన్నవాడికి పూర్తి రక్షణ కల్పించి, కనిపించకపోయినందుకు రైడర్‌కు జరిమానా ప్రతిపాదిస్తున్నాను.

ముసాయిదా మీద అభ్యంతరాలుంటే రైడర్లు స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చు. భద్రత దృష్ట్యా గేటు దగ్గర హెల్మెట్ తీసెయ్యాలి. హెల్మెట్ లేనివాళ్ళను లోపలికి రానివ్వరు.