ఓవెన్‌కు పేరు, సాస్‌కు పెత్తనం

నూనెలో వేయించడం నేరమని, ఓవెన్‌లో కాల్చడం పుణ్యమని ఈ మధ్య వంటిళ్ళలో ఏకగ్రీవ తీర్మానం జరిగిపోయింది. అప్పటి నుంచి, మోమోల్లా పిండిపొరలో కూరో మాంసమో పెట్టి మూసే డంప్లింగ్‌లకు కష్టకాలం మొదలైంది. అంతకు ముందు అవి ఆవిరి మీదో, మరిగే నీళ్ళలోనో, నూనె మూకుడులోనో తమ బతుకు తాము బతికేవి. ఇప్పుడు వాటిని ట్రే మీద బారులు తీర్చి, 200 డిగ్రీల వేడిలోకి తోసి, అద్దం తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, “ఒక్క చుక్క నూనె లేదు” అని వచ్చేవారికీ పోయేవారికీ చెప్పుకుంటున్నాం. ఇంత బాధ్యతాయుతమైన కార్యక్రమం మీద ఇప్పటిదాకా ఒక్క శ్వేతపత్రమైనా వెలువడకపోవడం శోచనీయం. ఆ లోటు పూడ్చే భారం ఈ వ్యాసం తన భుజాన వేసుకుంటోంది.

ముందుగా చరిత్ర. ఆరోగ్యం పేరు చెప్పి డంప్లింగ్‌లు తినడం మనం కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. చైనాలో హాన్ రాజుల కాలం చివర్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు, చలికి చెవులు దెబ్బతిన్న పేదలకు గొర్రె మాంసం, మూలికలు కలిపి పిండిలో చెవి ఆకారంలో చుట్టి, ఉడికించి పెట్టాడని ఐతిహ్యం. చెవులు బాగుపడ్డాయట. ఆ వైద్యుడి దగ్గర ఓవెన్ లేదు, క్యాలరీల పట్టిక లేదు. తిన్నవారిలో ఒక్కరైనా “ఇది మైదానా, గోధుమపిండా?” అని అడిగినట్లు కూడా ఐతిహ్యంలో లేదు.

కాల్చిన డంప్లింగ్‌లకూ గట్టి వంశవృక్షమే ఉంది. ఉజ్బెకిస్తాన్‌లో సమ్సాను మట్టి తందూరు లోపలి గోడకు అతికించి కాలుస్తారు. లోపల మాంసం, ఉల్లిపాయలు, దండిగా కొవ్వు ఉంటాయి. ఆర్మేనియన్ల మంతి చిన్న పడవలా ఉంటుంది. పళ్ళెంలో ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఎర్రగా కాల్చి, మీద వేడి పులుసు, వెల్లుల్లి కలిపిన పెరుగు పోస్తారు. వీళ్ళెవరూ ఓవెన్‌ను వ్యాయామానికి ప్రత్యామ్నాయంగా వాడలేదు. రుచి కోసం కాల్చారు. పిండి ఎండుతుందని ముందే తెలుసు కాబట్టి కొవ్వు లోపలైనా పెట్టారు, పులుసు పైనైనా పోశారు. ఆ రెండూ తీసేసి కాల్పు ఒక్కటే ఉంచుకున్న ఘనత మన తరానిది.

ఎండిపోవడం విషయంలో పురావస్తు ఆధారాలు కూడా దొరుకుతున్నాయి. చైనా వాయవ్య ప్రాంతంలోని తుర్పాన్ దగ్గర అస్తానా సమాధుల్లో టాంగ్ రాజుల నాటి డంప్లింగ్‌లు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఎడారి గాలికి తేమంతా పోయి, వెయ్యేళ్ళు దాటినా ఆకారం చెడకుండా నిలిచాయి. నూనె రాయని డంప్లింగ్‌లతో అదే ఫలితాన్ని 25 నిమిషాల్లో సాధించవచ్చునని గృహ ఓవెన్లు నిరూపించాయి. ఇక ఎడారితో పని లేదు. సమాధి అవసరమా కాదా అన్నది తినేవారి దంతాల పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవచ్చు.

ఇందుకు ఓవెన్‌ను నిందించడం అన్యాయం. మైదాలోని పిండిపదార్థం ఉడకాలంటే సుమారు 60 డిగ్రీలు దాటిన వేడితో పాటు నీళ్ళు కూడా కావాలి. ఆవిరి ఆ రెండూ ఇస్తుంది. మరిగే నీళ్ళు అడగకుండానే ఇస్తాయి. ఓవెన్ మాత్రం వేడి ఇచ్చి, పిండిలో ఉన్న కాసిని నీళ్ళనూ వసూలు చేసుకుంటుంది. పైగా వేడిని మోయడంలో గాలికి ఉన్నంత బద్ధకం ఇంకెవరికీ లేదు. 100 డిగ్రీల నీళ్ళలో వేలు పెట్టలేని మనిషి 200 డిగ్రీల ఓవెన్‌లోకి ఒక్క క్షణం చేయి చాపి, ట్రేకు తగలకుండా వెనక్కి తీసుకోగలడు. ఆ బద్ధకపు గాలి లోపలికి చేరేలోగా పైపొర ఎండుతుంది, మడతలు కలిసిన చోట పిండి పచ్చిగా మిగులుతుంది. కుచ్చిళ్ళు ఎంత అందంగా పెడితే అక్కడ పిండి అంత మందం, ఎంత మందమైతే అంత గట్టి. ఈ వంటకంలో కళాభిరుచికి శిక్ష తప్పదు.

నివారణ చర్యలు లేకపోలేదు. 200 గ్రాముల మైదాకు సుమారు 110 మిల్లీలీటర్ల బాగా వేడి నీళ్ళు పోసి కలిపితే పిండిలో కొంత భాగం అక్కడికక్కడే ఉడికి తేమను పట్టి ఉంచుతుంది. చల్లటి నీళ్ళతో కలిపిన పిండిలా, ఒత్తిన ప్రతిసారీ మొండికేసి వెనక్కి ముడుచుకోదు. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. మధ్యలో కాస్త మందంగా, అంచు పలచగా ఒత్తాలి. క్యాబేజీ బరువులో 90 శాతానికి పైగా నీళ్ళే కాబట్టి, సన్నగా తరిగి ఉప్పు చల్లి, పావుగంట ఆగి గట్టిగా పిండాలి. పిండకపోతే ఆ నీళ్ళు లోపల ఆవిరవుతాయి. ఆవిరైన నీరు సుమారు 1,700 రెట్లు చోటు కోరుతుంది. మునివేళ్ళతో నొక్కిన అంచు ఆ కోరికను అణచగలదనుకోవడం ఆశావాదం. మొదటి 10 నిమిషాలు ట్రేలో కాసిని వేడి నీళ్ళు చిలకరించి పైన ఫాయిల్ బిగించాలి, తరువాత ఫాయిల్ తీసేసి మరో 10 నిమిషాలు ఎర్రబడనివ్వాలి. చికెన్ ఖీమా పెట్టినవారు లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందో లేదో చూసుకోవాలి. ఆ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన చర్య: డంప్లింగ్‌కు రెండు వైపులా బ్రష్‌తో నూనె రాయాలి.

ఇక్కడే సభలో గందరగోళం చెలరేగుతుంది. నూనె లేని వంటకానికి నూనె రాయడమేమిటని సభ్యులు లేచి నిలబడతారు. పిండి ఎర్రబడి కమ్మటి వాసన వచ్చే రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ వివరించాడు. సుమారు 140 డిగ్రీలు దాటితే గాని అది జోరందుకోదు. నూనె పొర ఆ వేడిని పిండికి దగ్గర చేస్తుంది. రాయకపోతే డంప్లింగ్ జ్వరం వచ్చినట్లు పాలిపోతుంది. రాస్తే పొరుగింట్లో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఈ ధర్మసంకటానికి ఇళ్ళలో దొరికిన పరిష్కారం స్ప్రే సీసా. గరిటెతో పోస్తేనే అది నూనె, తుంపరగా చల్లితే వాతావరణం అన్న విషయంలో విస్తృత ఏకాభిప్రాయం ఉంది.

తయారీ విభాగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మొదట చేసిన డంప్లింగ్‌కు కుచ్చిళ్ళు లెక్కపెట్టి మరీ పెడతారు. మధ్యకు వచ్చేసరికి లెక్క పోతుంది. చివరిదాన్ని రెండుగా మడిచి అరచేత్తో చరుస్తారు. ట్రేను ఎడమ నుంచి కుడికి చదివితే మనిషి ఆదర్శాలు ఎలా కరిగిపోతాయో తెలుస్తుంది. ఫొటో తీసేది ఎడమ వైపు నుంచే. పిండి, లోపల పెట్టే కూర ఒకేసారి అయిపోయిన దాఖలా ఎక్కడా లేదు. కూర మిగిలితే పిండి కలుపుతారు, అప్పుడు పిండి మిగులుతుంది, దానికోసం ఇంకొంచెం కూర తరుగుతారు. లోటును పూడ్చడానికి కొత్త లోటు సృష్టించే ఈ విధానం వంటిళ్ళు ఖజానాల నుంచి నేర్చుకున్నాయో, ఖజానాలు వంటిళ్ళ నుంచి నేర్చుకున్నాయో ఆర్థికవేత్తలు తేల్చాలి. ఈలోగా ఓవెన్ తలుపు తెరిచి “అయిందా?” అని తొంగిచూసే పర్యవేక్షకులు వస్తారు. తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి బయటికి పోయి, అయ్యేది ఆలస్యమవుతుంది. ఆలస్యం ఎందుకవుతోందో కనుక్కోవడానికి మళ్ళీ తెరుస్తారు.

ఈ పర్యవేక్షకులు మడతల వేళ కనిపించరు. సాస్ కలిపే వేళకు మాత్రం నూరు శాతం హాజరు నమోదవుతుంది.

సాస్‌కు పట్టేది రెండు నిమిషాలు. మూడు చెంచాల సోయా సాస్, రెండు చెంచాల వెనిగర్, ఒక చెంచా నువ్వుల నూనె, సన్నగా తురిమిన అల్లం, చితక్కొట్టిన వెల్లుల్లి, చిటికెడు చక్కెర, పైన ఎర్రగా మిరప నూనె. మడత లేదు, ఫాయిల్ లేదు, తడిగుడ్డ కింద విశ్రాంతి లేదు. చెప్పిన కొలతలు ఎవరూ పాటించరు. ప్రతి ఒక్కరూ వేలు ముంచి నాలుకకు రాసుకుని, కళ్ళు సగం మూసి “ఇంకాస్త” అంటారు. ఏది ఇంకాస్త అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేదు, అయినా అందరూ ఏదో ఒకటి పోస్తారు. పులుపు వర్గం వెనిగర్ ఒంపుతుంది, కారం వర్గం మిరప నూనె దించుతుంది, ఇద్దరికీ మధ్యవర్తిగా తీపి వర్గం చక్కెర వేసి పరిస్థితిని మరింత జటిలం చేస్తుంది. ఏ వర్గానికీ చెందని ఒకరు మయోనైజ్ సీసాతో ప్రవేశిస్తారు. వారి గురించి ఈ పత్రంలో ప్రస్తావించకపోవడమే మర్యాద.

ఇప్పుడు లెక్కల తనిఖీ. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 క్యాలరీలు. స్ప్రే సీసాతో, బ్రష్‌తో, ఆత్మనిగ్రహంతో మనం ఆదా చేసిన ఆ చెంచాడు నూనె, నువ్వుల వాసన పూసుకుని, మిరప రంగు వేసుకుని, మారుపేరుతో గిన్నెలోకి సగౌరవంగా తిరిగి వస్తుంది. ఉప్పు సంగతి ఇంకా ఘనం. పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపే తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రెండు చెంచాలు నంజుకుంటే ఆ రోజు కోటా దాదాపు ముగిసినట్టే, మిగిలిన పూటలు గాలి భోంచేయాలి. గుండె బాగుండాలని నూనె మూకుడును అటక ఎక్కించిన మనిషి, అదే గుండెకు ఈ గిన్నె నివేదిస్తున్నాడు. ఓవెన్ జారీ చేసిన ఆరోగ్య ధ్రువపత్రాన్ని ముక్కలుగా చేసి సాస్‌లో ముంచి తింటున్నామన్నమాట.

ఇది కుంభకోణమని, సాస్‌ను తక్షణం బహిష్కరించాలని కొందరు సంస్కర్తలు కోరవచ్చు. వారు ముందుగా సాస్ లేకుండా ఒక్క ఓవెన్ డంప్లింగ్‌ను నోట్లో వేసుకోవాలని నా ప్రతిపాదన. నములుతున్నంతసేపు చర్చ వాయిదా వేద్దాం. ఎలాగూ ఆ సమయంలో వారు మాట్లాడలేరు.

నిజానికి పెత్తనం సాస్‌కు అర్హత మీద వచ్చిందే. సంప్రదాయ పద్ధతిలో సోయా సాస్ తయారీకి ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు ముందుగా సోయా గింజల మీద, గోధుమల మీద పని మొదలుపెడుతుంది. తరువాత ఉప్పునీళ్ళలో బతకగల సూక్ష్మజీవులు నెలల తరబడి ఆ పని కొనసాగిస్తాయి. ప్రొటీన్లు విరిగి గ్లుటమేట్ విడుదలవుతుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా సముద్రపు నాచు నుంచి వేరుచేసి, నాలుక మీద ఆ లోతైన రుచికి మూలం ఇదేనని చూపింది ఈ పదార్థాన్నే. మనం సెలవు రోజు మధ్యాహ్నం రెండు గంటలు నడుము వంచి, ఆ రెండు గంటల్లో ఓ అరగంట ఫోను చూసి, డంప్లింగ్‌లు చేశామంటున్నాం. అక్కడ ఒక బూజు సెలవు పెట్టకుండా నెలల సర్వీసు పూర్తిచేసి వచ్చింది. సీనియారిటీ ప్రకారం చూసినా, పనితీరు ప్రకారం చూసినా పదోన్నతి ఎవరికి దక్కాలో వేరే చెప్పాలా? వేయించిన డంప్లింగ్‌కు సాస్ అలంకారం, ఓవెన్ డంప్లింగ్‌కు ప్రాణాధారం. పొడి నోటికి తడి, పాలిపోయిన పిండికి రంగు, చప్పటి క్యాబేజీకి ఒక అభిప్రాయం అన్నీ ఆ గిన్నెలోంచే రావాలి.

కనుక పాలనా సంస్కరణలు తక్షణం మొదలుకావాలి. పనుల క్రమం తిరగేయాలి. ముందు సాస్ కలిపి, అది కుదిరాకే మైదా డబ్బా మూత తీయాలి. కుదరకపోతే ఓవెన్ వెలిగించే ప్రసక్తే లేదు. “డంప్లింగ్‌లు చేశాం, సాస్ కూడా ఉంది” అని అతిథులను తప్పుదోవ పట్టించడం మాని, “సాస్ చేశాం, ముంచుకోవడానికి ఏవో కాల్చాం” అని ఉన్నమాట చెప్పాలి. పెద్ద పళ్ళెం మధ్యలో డంప్లింగ్‌లను పేర్చి, సాస్‌ను మూలన చిన్న గిన్నెలో కూర్చోబెట్టే వడ్డన పద్ధతి ప్రజాస్వామ్య స్ఫూర్తికి విరుద్ధం.

గిన్నె దగ్గర శాంతిభద్రతల సమస్య ఒకటుంది. కొరికిన డంప్లింగ్‌ను అందరి గిన్నెలో మళ్ళీ ముంచేవారు ప్రతి బల్ల చుట్టూ ఒకరుంటారు. సాధారణంగా ఆ ఒక్కరు అందరికన్నా పెద్దవారు కావడం వల్ల కేసు నమోదు కాదు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో ఈ నేరాన్ని ప్రయోగశాలకు ఎక్కించారు. కొరికి ముంచితే నోటి బ్యాక్టీరియా గిన్నెలోకి చేరుతుందని, అదీ చిక్కటి వాటికంటే సల్సా అనే పలచటి టమాటా పచ్చడిలోకి ఎక్కువగా చేరిందని తేల్చారు. పలచటిదైతే అంటుకోకుండా కారి వెనక్కి పడుతుంది కదా. మన సాస్ ఎంత పలచనో చెప్పనక్కరలేదు. తలా ఒక గిన్నె ఇవ్వడమే మార్గం. ఇచ్చాక, పక్కవారి గిన్నెలో మిరప నూనె ఎక్కువ తేలుతోందన్న ఫిర్యాదులు వెల్లువెత్తుతాయి. వాటికి ప్రత్యేక ట్రైబ్యునల్ ఏర్పాటు చేయాలి. న్యాయమూర్తి పదవికి ఆ మయోనైజ్ వ్యక్తి ఒక్కరే తటస్థులు.

చివరిది మిగులు నిధుల వినియోగం. డంప్లింగ్‌లు అయిపోతాయి, సాస్ మిగులుతుంది. అన్ని నెలల కష్టాన్ని తొట్టిలో పారబోయడానికి మనసున్న మనిషికి చేయి రాదు. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మరుసటి రోజు ఆ సాస్‌కు సరిపడా డంప్లింగ్‌లు చేయాలి. అవి కాస్త ఎక్కువవుతాయి, అప్పుడు సాస్ చాలదు, ఇంకొంచెం కలపాల్సి వస్తుంది. మైదా తెచ్చేవారు ఈసారి పెద్ద సంచే తేవడం మంచిది.