ముక్కు కింద నీడ చూసి కుట్ర తేల్చేస్తారా?

మా విజయవాడ గ్రూపుల్లో మళ్లీ ఆ కెనెడీ వీడియో తిరుగుతోంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపాడని పట్టుబడ్డ ఆస్వాల్డ్, హత్యకి ముందు డాలస్‌లో తన ఇంటి పెరట్లో తుపాకీ పట్టుకుని దిగిన ఫోటో, దాని మీద ఎర్ర గీతలు, వెనక భయపెట్టే మ్యూజిక్. ముక్కు నీడ నిలువుగా ఉంది, ఒంటి నీడ పక్కకి పడింది, కాబట్టి తల అతికించారట. బాగా చదువుకున్నవాళ్లు కూడా "నిజమే కదండీ" అంటూ పంపేస్తుంటే ఒళ్లు మండుతోంది.

మధ్యాహ్నం మూడింటికి మేడెక్కి ఎండలో నిలబడండి, ముఖాన్ని కాస్త సూర్యుడి వైపు తిప్పి ఫోటో తీయించుకోండి. ముక్కు నీడ పెదవి మీదకి తిన్నగా దిగుతుంది, ఒంటి నీడ నేల మీద పక్కకే పోతుంది. హనీ ఫరీద్ అనే ప్రొఫెసర్ 2009లో కంప్యూటర్‌లో ముఖం త్రీడీ మోడల్ కట్టి ఇదే చూపించాడు.

అసలు ఫోటో నకిలీ అనేవాళ్లు ముందు నెగటివ్ సంగతి మాట్లాడాలి. అక్కడ వరసగా తీసిన ఫోటోల్లో ఒకదానికి నెగటివ్ దొరికింది, దాని అంచుల్లో పడ్డ గుర్తులు ఆస్వాల్డ్ ఇంపీరియల్ రిఫ్లెక్స్ కెమెరావేనని ఎఫ్‌బీఐ తేల్చింది. ఎఫ్‌బీఐని నమ్మం అంటారా, సరే, నమ్మొద్దు. 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఈ హత్య వెనక బహుశా కుట్ర ఉందనే చెప్పింది, ఆ కమిటీ నియమించిన ఫోటో నిపుణులే ఈ ఫోటోల్లో అతుకులేమీ లేవన్నారు. కుట్ర ఉందన్న మాట మాత్రం తీసుకుని, ఫోటో అసలైనదే అన్న మాటని వదిలేస్తే ఎలా? ఆ ఫోటోలు తీసింది తానేనని భార్య మరీనా చెప్పింది. ఆస్వాల్డ్ తన స్నేహితుడికి వెనక సంతకం చేసి ఇచ్చిన కాపీ కూడా తర్వాత బయటపడింది.

అలాగని అనుమానం గాల్లోంచి పుట్టిందని నేననను. 1964 ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక ఈ ఫోటోని కవర్ మీద వేసింది, అచ్చులో బాగా కనబడాలని దానికి టచప్ చేసింది. మిగతా పత్రికలూ ఎవరికి తోచినట్టు దిద్దుకున్నాయి. పాతకాలం స్టూడియోవాళ్లు మొటిమలు కనబడకుండా నెగటివ్ మీద పెన్సిల్ పెట్టినట్టే, కానీ ఇది హత్య కేసు సాక్ష్యం! చెప్పకుండా ఎలా ముట్టుకుంటారు? కెనెడీకి గుండు తగలడాన్ని జప్రూడర్ అనే ఆయన తీసిన ఫిల్ముదీ అదే కథ. హత్యని విచారించిన వారెన్ కమిషన్ సంపుటాల్లో 314, 315 ఫ్రేములు తారుమారుగా అచ్చయ్యాయి, ఫిల్ము మొత్తాన్ని దేశమంతా టీవీలో చూడ్డానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. జనం నమ్మకం పోగొట్టింది ఈ దాపరికమే, దానికి వాళ్లని ఎంత తిట్టినా తప్పులేదు. కానీ పత్రికలో అచ్చయిన బొమ్మని దిద్దడం వేరు, నెగటివ్‌నే మార్చడం వేరు. మొదటిది జరిగింది కాబట్టి రెండోదీ జరిగే ఉంటుందని అనేయకూడదు.

అమెరికా గొడవ మనకెందుకు అనకండి. రాజశేఖరరెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన నాలుగు నెలలకి, 2010 జనవరిలో, ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో ఆ ప్రమాదం వెనక కుట్ర ఉందంటూ వచ్చిన రాతని టీవీలో చూపించగానే రాష్ట్రంలో ఎన్నో చోట్ల దుకాణాల మీద, పెట్రోల్ బంకుల మీద దాడులు జరిగాయి. ఆ రాతకి ఆధారమేంటని అడిగే ఓపిక ఆ రాత్రి ఎవరికీ లేకపోయింది.

అందుకే గ్రూపులో ఎవరైనా మార్ఫింగ్ అంటూ ఏదైనా పెడితే నేను వదలను. ఒరిజినల్ ఎక్కడుంది, ఎవరు పరీక్షించారు, మీరు చూసింది ఎన్నో కాపీ అని అడుగుతూనే ఉంటాను. మీరూ అడగండి, పంపింది బాబాయ్ అయినా సరే.