నాలుగు మాటల తోక

"వాణిజ్యంపై ప్రభావం చూపే రీతిలో." ఈ నాలుగు మాటలు చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

అమెరికా, మధ్య అమెరికా దేశాలు, డొమినికన్ రిపబ్లిక్ కలిసి 2004లో సంతకాలు చేసిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో పదహారో అధ్యాయం కార్మికులది. ఏ దేశమూ తన కార్మిక చట్టాల అమలును గాలికి వదిలేయకూడదని అందులో రాశారు. చదివి కళ్ళు చెమర్చేలోపే తోక కనిపిస్తుంది. ఆ వదిలేయడం పదేపదే జరగాలట, అదీ పై నాలుగు మాటల రీతిలో జరగాలట. అప్పుడే అది తప్పు.

గ్వాటెమాలాలో సంఘం పెట్టుకున్న పాపానికి బట్టల ఫ్యాక్టరీల కార్మికులనూ, ఓడరేవు హమాలీలనూ యజమానులు గెంటేశారు. తిరిగి చేర్చుకోమని అక్కడి కోర్టులే ఆదేశించాయి. ఆదేశాలు ఫైళ్ళలో హాయిగా నిద్రపోయాయి. కార్మిక సంఘాలు 2008లో అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు చేస్తే, ఆ ప్రభుత్వం గ్వాటెమాలాపై ఈ ఒప్పందం కింద నడిపిన కేసులో 2017లో తీర్పు వచ్చింది. (మన సివిల్ కోర్టుల మెట్లెక్కిన వారికి ఇది మెరుపు వేగం.) ఎనిమిది చోట్ల 74 మంది విషయంలో చట్టం అమలు కాలేదు, నిజమేనన్నారు ముగ్గురు మధ్యవర్తులు. దానివల్ల ఒక కంపెనీకి పోటీలో లాభం కలిగింది, అదీ నిజమే. కానీ ఒక్కటైతే 'పదేపదే' ఎలా అవుతుంది? మిగతావి వాణిజ్యాన్ని తాకినట్టు రుజువు లేదు. గ్వాటెమాలా గెలిచింది.

ఈ మహత్తర న్యాయశాస్త్రాన్ని మన రచ్చబండ మీదికి తెద్దాం. సూరమ్మ కోడి పోయింది. దొంగ దొరికాడు, మూతికి ఇంకా మసాలా ఉంది.

"కోడిని తిన్నావా?"

"తిన్నానండి."

"నిజం చెప్పావు, కూర్చో. సూరమ్మా, సంతలో గుడ్డు ధర ఏమైనా మారిందా?"

"నాకేం తెలుసు బాబూ, నా కోడి పోయింది."

"అది ఒప్పుకున్నాం కదమ్మా! సంత సంగతి చెప్పు."

"నాకున్నది ఒక్కటే కోడి బాబూ."

"అయితే పదేపదే పోయిందనడానికీ లేదు. ఇంకో నాలుగు పెంచి, వాటినీ పోగొట్టుకుని రా. అప్పుడు చూద్దాం."

దొంగ మూతి తుడుచుకుని, పెద్దలకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. అయిదో కోడి ఎప్పటికి చేతికొస్తుందో కూడా అడిగి వెళ్ళాడు.

అదే ఒప్పందంలో పదో అధ్యాయం పెట్టుబడిదారులది. అక్కడ ఈ తోక లేదు. గ్వాటెమాలా కరెంటు చార్జీలు నిర్ణయించిన తీరువల్ల నష్టపోయానని అమెరికా విద్యుత్ సంస్థ టెకో 2010లో తానే కేసు వేసి, 2013 డిసెంబరుకల్లా 2 కోట్ల డాలర్లకు పైగా పరిహారానికి తీర్పు తెచ్చుకుంది. హమాలీకి ఆ తలుపు తట్టే హక్కే లేదు. అతని తరఫున మరో దేశపు ప్రభుత్వం దయతలచి వాదించాలి.

చట్టం అతని వైపు ఉంది. కోర్టు అతని వైపు ఉంది. అన్యాయం జరిగిందని చివరికి మధ్యవర్తులే రాశారు. ఇంకెవరు చెప్పాలి? ఇంత మంది ఒప్పుకున్నాక కూడా ఒక్క రోజు కూలి ఇప్పించలేని కాగితానికి కార్మికుల పేరు పెట్టడానికి సిగ్గుండాలి. ఆ నాలుగు మాటలు పొరపాటున దొర్లాయని మాత్రం నాకు చెప్పకండి. ఎవరో ఏసీ గదిలో కూర్చుని, కాఫీలు తాగుతూ, కామాలు దిద్ది మరీ రాశారు.