ముందు గడ్డి సంగతి చెప్పండి, తర్వాత కప్పు సంగతి

తెరుచుకుని మూసుకునే కప్పున్న స్టేడియం వీడియో ఎక్కడ కనబడినా కింద కామెంట్లన్నీ ఒకే మాట. ‘అబ్బ, ఇరవై నిమిషాల్లో మూసుకుపోయిందే!’ అని. నా చూపు మాత్రం కిందికే పోతుంది. ఆ గడ్డికి రోజూ ఎండ తగులుతోందా? గాలి ఆడుతోందా? కోట్లు పోసి కట్టేవాళ్లు ఈ ప్రశ్నను అన్నిటికన్నా చివర అడుగుతున్నారని నా కోపం.

ఇది కొత్తగా తెలిసిన సమస్యా కాదు. 1965లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అనే స్టేడియం తెరిచారు. దాని కప్పు కదలదు, కానీ కథ ఇదే. వెలుతురు రావాలని పైన అద్దంలాంటి పలకలు పెట్టారు. ఆ మెరుపులో పైకి లేచిన బేస్‌బాల్ కనబడక ఫీల్డర్లు అల్లాడిపోయారు. దాంతో పలకలకు రంగు పూశారు. బంతి కనబడింది, గడ్డి చచ్చిపోయింది. చచ్చిన గడ్డికి పచ్చరంగు కొట్టి ఆ సీజన్ నెట్టుకొచ్చారు! మరుసటి ఏడాది ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆ గడ్డికి ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు ఆ స్టేడియం నుంచి వచ్చిందే.

‘ఇప్పుడు కప్పు తెరుచుకుంటుంది కదా’ అంటారు. తెరిచినా నడినెత్తిన ఒక కంత మాత్రమే. పక్కకు జరిగిన కప్పు స్టాండ్ల మీదే కూర్చుంటుంది, దాని నీడ గ్రౌండ్ మీదే పడుతుంది. చుట్టూ ఎత్తైన స్టాండ్లు గాలిని ఆపేస్తాయి. 1996లో తెరిచిన, కదిలే కప్పున్న ఆమ్‌స్టర్‌డామ్ అరీనా స్టేడియంలో మొదటి ఏళ్లలో గడ్డిని మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. దానికి తోడు సంగీత కచేరీలు. స్టేజి కింద, జనం కాళ్ల కింద రోజుల తరబడి కప్పేసిన గడ్డి ఆ వారాంతానికే మ్యాచ్‌కు సిద్ధం కావాలి. కాలు జారి మోకాలు పోతే అది ఆటగాడి మోకాలు, కచేరీ పెట్టినవాళ్లది కాదు.

ముందే ఆలోచించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. జర్మనీలో గెల్సెన్‌కిర్షెన్ స్టేడియం 2001లో తెరిచారు. అక్కడ కప్పుతో పాటు గ్రౌండ్ కూడా కదులుతుంది. దాదాపు 11 వేల టన్నుల పచ్చిక మొత్తం ఒక స్టాండ్ కిందుగా జరుగుతూ బయటికి వచ్చేస్తుంది. బయట ఎండ కాచుకుంటుంది, వానకు తడుస్తుంది. లోపల కచేరీ జరుగుతున్నా దానికి దెబ్బ తగలదు. అమెరికాలో అరిజోనాలోని గ్లెన్‌డేల్‌లో 2006 నుంచి ఇదే పద్ధతి. ఆ గడ్డి బయటికి రావడం చూసినప్పుడు, కప్పు కదలడం చూసినప్పటికన్నా నాకు ఎక్కువ ఆనందంగా ఉంటుంది.

కప్పు చిక్కు గడ్డితోనే ఆగదు, ఆటకూ తగులుతుంది. క్రికెట్ విషయానికొస్తే, 2000లో మెల్‌బోర్న్ డాక్‌లాండ్స్ స్టేడియంలో కప్పు కింద వన్డేలు ఆడారు. 2023 జనవరిలో అదే స్టేడియంలో బిగ్‌బాష్ (ఆస్ట్రేలియా టీ20 లీగ్) మ్యాచ్‌లో కప్పుకు తగిలిన రెండు బంతులను సిక్సర్లుగా ఇచ్చారు. బౌలర్‌కు అది అన్యాయమే.

కప్పే వద్దని నేను అనడం లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు వాన వల్ల ఆట చూడకుండా తిరిగి వెళ్లడం బాధాకరం. అందుకే 2009లో వింబుల్డన్ సెంటర్ కోర్టుకు కప్పు వస్తే సంతోషించాను. కానీ కొత్త స్టేడియం ప్రకటించిన రోజే ఈ లెక్కలు కూడా బయటపెట్టాలి: ఏడాదికి ఎన్ని కచేరీలు, కచేరీకీ మ్యాచ్‌కీ మధ్య ఎన్ని రోజులు, ఆ రోజుల్లో గడ్డి ఎక్కడుంటుంది, ఎండ ఎలా అందుతుంది. కప్పు ఎన్ని నిమిషాల్లో మూసుకుంటుందో ఆ తర్వాత చెబుదురుగాని.